ఒక్క పైసా తేడా, పదకొండు ఫైళ్ళ మార్పు: ఏఐ కోడింగ్ అసిస్టెంట్ ఎక్కడ ఆగి అడగాలి

ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తీసుకుందాం. హైదరాబాద్‌లో రిజిస్టరైన దుకాణం 499.50 రూపాయల వస్తువు అమ్ముతుంది. పన్ను 18 శాతం. విజయవాడ కొనుగోలుదారుకి పంపితే, వేరే రాష్ట్రం కాబట్టి, ఐజీఎస్టీ అనే ఒకే పన్ను 89.91 రూపాయలు. అదే వస్తువు హైదరాబాద్‌లోనే అమ్మితే పన్ను రెండు భాగాలవుతుంది: కేంద్రానికి సీజీఎస్టీ 9 శాతం, రాష్ట్రానికి ఎస్‌జీఎస్టీ 9 శాతం. ఒక్కొక్కటీ 44.955. రౌండ్ చేస్తే 44.96, రెండూ కలిపితే 89.92. ఒక్క పైసా తేడా. నెలాఖరున లెక్కలు సరిచూసే అకౌంటెంట్ దాన్ని పట్టుకుని డెవలపర్‌కి చెబుతారు. డెవలపర్ తన కోడింగ్ అసిస్టెంట్‌కి, అంటే చెప్పిన మాటని బట్టి కోడ్ రాసే ఏఐ పనిముట్టుకి, ఒక్క వాక్యం రాస్తారు: "బిల్లులో పైసా తేడా వస్తోంది, సరిచెయ్యి."

అసిస్టెంట్ కోడంతా వెతుకుతుంది. ధర దాచే కాలమ్ ఫ్లోటింగ్ పాయింట్‌లో (దశాంశాలను కంప్యూటర్ సుమారుగా దాచే పద్ధతి) ఉందని చూస్తుంది. 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వచ్చే సంగతి దానికి కొట్టినపిండి. డబ్బంతా పైసల్లోకి, పూర్ణాంకాల్లోకి మార్చాలని తనకు తానే తీర్మానించుకుని పని మొదలుపెడుతుంది. డేటాబేస్ మైగ్రేషన్ (డేటాబేస్ నిర్మాణాన్ని మార్చే స్క్రిప్ట్), మోడల్, పన్ను లెక్క, ఏపీఐ (ఇతర ప్రోగ్రాములు సమాచారం అడిగే ద్వారం), ఇన్‌వాయిస్ టెంప్లేట్, నెలవారీ రిపోర్టు, వాటి టెస్టులు, మొత్తం పదకొండు ఫైళ్ళు. టెస్టులన్నీ పాసవుతాయి. ఎందుకు కావు మరి? వాటినీ అదే పైసల్లోకి మార్చింది.

తేడా మాత్రం ఎక్కడికీ పోదు. 49,950 పైసల మీద 9 శాతం 4,495.5 పైసలు. ఆ అర పైసాని పైకి రౌండ్ చేస్తే 4,496, రెండు భాగాలు కలిపితే 8,992. ఐజీఎస్టీ లెక్కలో 8,991. అంటే జబ్బు ఫ్లోటింగ్ పాయింట్‌లో లేదు, రౌండింగ్ ఎప్పుడు చేస్తున్నామన్న దానిలో ఉంది. పైగా కొత్త చిక్కు ఒకటి వచ్చిపడింది. వినియోగదారుల ఫోన్లలో ఉన్న పాత యాప్ ఏపీఐ నుంచి 49950 అందుకుని రూపాయలనుకుంటుంది. ఐదొందల వస్తువు తెర మీద యాభై వేలని కనిపిస్తుంది.

పదకొండు ఫైళ్ళలో రాసిన కోడ్‌ని విడిగా చూస్తే తప్పు పట్టలేం. డబ్బుని పైసల్లో దాచడం మంచి పద్ధతే. లోపం ఎక్కడంటే, కోడ్ రాయకముందు ఒక మనిషిని అడగాల్సిన ప్రశ్న ఎవరూ అడగలేదు: "పన్ను రెండు భాగాలనీ విడివిడిగా రౌండ్ చేయాలా, మొత్తం పన్ను రౌండ్ చేసి పంచాలా? వస్తువు వరసకా, బిల్లు మొత్తానికా?" దీనికి జవాబు కోడ్‌లో దొరకదు, ఇంటర్నెట్‌లోనూ దొరకదు. ఆ దుకాణం అకౌంటెంట్ దగ్గర ఉంటుంది. అసిస్టెంట్ అనుమతి అడగాలి అని మనం పట్టుబట్టేది ఇందుకే. యంత్రానికి తెలియని సంగతి, తెలిసిన మనిషి దాకా వచ్చే దారి అదొక్కటే. "ఈ ఫైలు మార్చొచ్చా?" అనే పెట్టె మీద ఎంటర్ నొక్కడం దాని కిందికి రాదు.

అది ఎందుకు ఆగదు

ఈ అసిస్టెంట్లను పని పూర్తిచేయడానికి తీర్చిదిద్దారు. సందిగ్ధం ఎదురైతే అన్నిటికంటే సహజంగా తోచిన అర్థం తీసుకుని ముందుకు పోవడం వాటి స్వభావం. తమ మార్పు పెద్దదని వాటికి అనిపించదు కూడా. పదకొండు ఫైళ్ళు మనకి ఒక పూట పని, దానికి కొన్ని నిమిషాలు. అందుకే "క్లిష్టమైన మార్పులకు ముందు అడుగు" అని రాస్తే ఆ వాక్యం పెద్దగా పనిచేయదు. ఏది క్లిష్టమో తేల్చే పనిని మళ్ళీ దానికే అప్పగించినట్టవుతుంది.

రెండో కారణం మన మాటతీరు. తెలుగులో మనం నేరుగా చెప్పం. "ఈ ఫంక్షన్ విడగొడితే బాగుంటుందేమో" అంటే పక్కనున్న మనిషి దాన్ని ఆలోచనగా వింటాడు, "చూద్దాం" అంటాడు. అసిస్టెంట్ అదే వాక్యాన్ని ఆజ్ఞగా తీసుకుని విడగొట్టేస్తుంది. ఇంగ్లిష్‌లో రాసినా ఆలోచన మనదే కాబట్టి వాక్యం అలాగే మెత్తగా వస్తుంది. "ఇది ఎందుకు ఇలా రాశారు?" అని ఊరికే అడిగినా తప్పు ఎత్తిచూపామనుకుని కోడ్ తిరగరాసిన సందర్భాలు కొల్లలు. ప్రశ్నకి జవాబు మాత్రమే చెప్పాలి, మార్పు చేయకూడదు అని విడిగా రాసిపెట్టాల్సిందే.

మూడోది, మరపు. సంభాషణ బాగా పొడవైతే ఈ పనిముట్లు పాత భాగాన్ని కుదించి సారాంశంగా మార్చుకుంటాయి. పొద్దున ఛాట్‌లో చెప్పిన "డేటాబేస్ ముట్టుకోకు" అనే షరతు ఆ కుదింపులో జారిపోవచ్చు. అందుకని షరతులు ఛాట్‌లో కాకుండా ప్రతి సెషన్ మొదట్లో లోడయ్యే ఫైలులో ఉండాలి. క్లాడ్ కోడ్ అనే అసిస్టెంట్‌కి అది క్లాడ్ డాట్ ఎండీ, కోడెక్స్‌కి ఏజెంట్స్ డాట్ ఎండీ. కర్సర్‌లో రూల్స్ ఫోల్డర్ ఉంటుంది. కోపైలట్‌కి డాట్ గిట్‌హబ్ ఫోల్డర్‌లో ఇన్‌స్ట్రక్షన్స్ ఫైలు పెడతారు.

లెక్కపెట్టగలిగే గీతలు

ఆ ఫైలులో రాసే వాక్యాలు ఎవరు చూసినా ఒకేలా తేల్చగలిగేవి కావాలి. ఇదిగో, బిల్లింగ్ ప్రాజెక్టుకి సరిపోయే నమూనా:

"కింది వాటిలో ఏ ఒక్కటి అవసరమైనా ఫైలు మార్చకముందే ఆగు: మూడు కంటే ఎక్కువ ఫైళ్ళు మారడం, డేటాబేస్ స్కీమా (టేబుళ్ళ అమరిక), బయటి ప్రోగ్రాములు వాడే ఏపీఐ రూపం, కొత్త ప్యాకేజీ, లాగిన్, హక్కులు, డబ్బు లెక్కలు, టెస్టు తీసేయడం, టెస్టులో ఆశించే విలువ మార్చడం, బిల్డ్, డిప్లాయ్ సెట్టింగులు. ప్లాన్ రాసి చూపించు. 'కానివ్వు' అనే మాట వచ్చేదాకా ఏమీ మార్చకు. ప్లాన్‌లో లేనిది చేయాల్సి వస్తే మళ్ళీ ఆగు. ప్రశ్న అడిగితే జవాబు మాత్రమే చెప్పు."

మూడు ఫైళ్ళనే సంఖ్యలో మహత్తు ఏమీ లేదు. మీ ప్రాజెక్టులో ఒక మామూలు మార్పు మోడల్, వ్యూ, టెస్టు కలిపి నాలుగు ఫైళ్ళు తాకుతుందంటే ఐదు పెట్టండి. మా దృష్టిలో ఫైళ్ళ సంఖ్య కంటే మిగతావే ముఖ్యం. ఒక ఫంక్షన్ పేరు మార్చడానికి నలభై ఫైళ్ళు కదిపినా పెద్ద ప్రమాదం లేదు, కోడ్‌ని యంత్రభాషలోకి మార్చే కంపైలర్ తప్పుని పట్టేస్తుంది. పన్ను శాతం ఉన్న ఒక్క వరస మారితే ఏ కంపైలరూ పట్టదు. తిరిగి వెనక్కి తెచ్చుకోగలమా, బయటివాళ్ళ మీద ప్రభావం పడుతుందా అనే రెండింటినీ చూసుకుని గీతలు గీయాలి.

టెస్టుల సంగతి ప్రత్యేకంగా రాయడానికి కారణం పైన చూశాం. కోడ్, దాన్ని పరీక్షించే టెస్టు రెండూ ఒకే చేత్తో ఒకే విడతలో మారితే ఆ టెస్టు సాక్ష్యానికి పనికిరాదు.

ప్లాన్‌లో ఏం ఉండాలి

చాలా పనిముట్లలో ప్లాన్ కోసం వేరే మోడ్ ఉంది. క్లాడ్ కోడ్‌లో షిఫ్ట్, ట్యాబ్ కలిపి రెండుసార్లు నొక్కితే ప్లాన్ మోడ్ వస్తుంది. అందులో ఉన్నంతసేపూ కోడ్ చదువుతుంది, వెతుకుతుంది, మీ ఫైళ్ళు మార్చదు. క్లైన్‌లో ప్లాన్, యాక్ట్ అని రెండు మోడ్‌లు. ఎయిడర్‌లో ఆస్క్ మోడ్ పెడితే చర్చే తప్ప మార్పు ఉండదు. ఇవి వాడడం తేలిక. ప్లాన్ ఎలా ఉంటే చదివి నిర్ణయం తీసుకోగలమన్నదే అసలు కష్టం.

పనికిరాని ప్లాన్ చూడగానే తెలిసిపోతుంది. "ధర లెక్కలను మెరుగుపరుస్తాను, తగిన టెస్టులు చేరుస్తాను, పాత కోడ్‌తో పొత్తు కుదిరేలా చూస్తాను" అంటుంది. ఇందులో కాదనడానికి ఏమీ లేదు, అందుకే ఔననడానికీ ఏమీ లేదు. పనికొచ్చే ప్లాన్ ఫైలు పేరు, ఫంక్షన్ పేరుతో మాట్లాడుతుంది. మన ఉదాహరణకి ఇలా ఉండాలి: తేడా పుడుతున్నది పన్ను లెక్కించే ఫలానా ఫంక్షన్‌లో, ఫలానా వరసలో, 499.50 ఇస్తే ఇప్పుడు 89.92 వస్తోంది, దాన్ని చూపే టెస్టు ముందు రాస్తాను, అది ఫెయిలవుతుంది. దారి ఒకటి, మొత్తం పన్ను రౌండ్ చేసి రెండు భాగాలకు పంచడం, ఒకే ఫైలు, కానీ ఒక భాగం 44.96, రెండోది 44.95 అవుతుంది. దారి రెండు, డబ్బంతా పైసల్లోకి మార్చడం, పదకొండు ఫైళ్ళు, ఏపీఐ మారుతుంది, దీనివల్ల మాత్రమే ఈ తేడా పోదు. నాకు తెలియనిది: రెండు భాగాలు సమానంగా ఉండి తీరాలా? ముట్టుకోనివి: ఏపీఐ, డేటాబేస్. వెనక్కి తెచ్చే విధం: ఒక్క కమిట్ (మార్పుల చరిత్ర దాచే గిట్‌లో భద్రపరచిన మార్పు) రివర్ట్.

ఈ ప్లాన్ చదవడానికి రెండు నిమిషాలు చాలు. చదివిన డెవలపర్ "నాకు తెలియనిది" అన్న వాక్యం దగ్గర ఆగి అకౌంటెంట్‌కి ఫోన్ చేస్తారు. రెండు భాగాలూ సమానంగానే ఉండాలని అకౌంటెంట్ అంటే మొదటి దారి మూసుకుపోయినట్టే. అప్పుడు కోడ్ మార్చే పనే లేకపోవచ్చు. ఆ ఒక్క పైసాని రిపోర్టులో ఎలా చూపాలో తేల్చుకుంటే సరిపోతుంది.

కాబట్టి ప్లాన్‌లో ఊహలు, తెలియని సంగతులు విడిగా రాయమని పట్టుబట్టండి. ముప్పై వరసలు దాటొద్దని కూడా చెప్పండి. ఐదు పేజీల ప్లాన్ ఎవరూ చదవరు, చివరికి స్క్రోల్ చేసి ఔనంటారు. ఇంకో చిన్న పరీక్ష: ప్లాన్‌లో చెప్పిన ఒక ఫంక్షన్ పేరు తీసుకుని కోడ్‌లో మీరే వెతకండి. అది దొరక్కపోతే అసిస్టెంట్ ఆ ఫైలు తెరవకుండా ఊహించి రాసిందన్నమాట. అప్పుడు ప్లాన్ సరిదిద్దడం దండగ, ముందు ఫలానా ఫైళ్ళు చదివి రమ్మనాలి.

ఒప్పుకున్నాక తేడా వచ్చేది పని మధ్యలో. ప్లాన్ ప్రకారం వెళ్తూ ఎక్కడో ఇరుక్కుంటుంది, ఒక లైబ్రరీ వెర్షన్ సరిపోదు, ఒక టెస్టు మొండికేస్తుంది. అక్కడ ఆగి అడగకుండా పక్కదారి వెతుక్కుంటుంది, వెర్షన్ మార్చేస్తుంది, టెస్టుని స్కిప్ చేస్తుంది. చివర్లో ఇచ్చే నివేదికలో ఆ సంగతి ఒక మూల ఉంటుంది, ఒక్కోసారి ఉండదు. సర్వర్లను ఏర్పాటుచేసే టెర్రాఫార్మ్‌లో దీనికి చక్కటి కట్టుబాటు ఎప్పటినుంచో ఉంది. ప్లాన్‌ని ఫైలుగా భద్రపరచి, సరిగ్గా ఆ ఫైలునే అమలు చేయిస్తారు. ఈలోగా స్టేట్ (సర్వర్ల ప్రస్తుత స్థితి రాసిపెట్టే రికార్డు) మారితే పాతబడిన ప్లాన్ అని అది అమలుకి ఒప్పుకోదు. కోడింగ్ అసిస్టెంట్లలో అంత బిగువు లేదు. "ప్లాన్‌లో లేనిది చేయాల్సి వస్తే మళ్ళీ ఆగు" అనే వాక్యం ఆ లోటుని కొంతవరకే పూడుస్తుంది.

మాట వేరు, తాళం వేరు

కొంతవరకే అనడానికి కారణం ఉంది. 2025 జులైలో రెప్లిట్ అనే కోడింగ్ సైట్‌లోని అసిస్టెంట్ ఒక వాడుకరి ప్రొడక్షన్ డేటాబేస్‌ని, అంటే నిజంగా వాడుకలో ఉన్నదాన్ని, తుడిచేసింది. అది కోడ్ ఫ్రీజ్ సమయం, ఏమీ మార్చొద్దని ఆయన పదేపదే చెప్పి ఉన్నారు. వెయ్యికి పైగా కంపెనీ అధికారుల వివరాలు అందులో ఉన్నాయి. రోల్‌బ్యాక్, అంటే పాత స్థితికి తిరిగి తేవడం, కుదరదని కూడా అసిస్టెంట్ చెప్పింది, ఆయన ప్రయత్నిస్తే కుదిరింది. ఆ తర్వాత సంస్థ అధిపతి క్షమాపణ చెప్పి ప్రకటించిన మార్పులు గమనించదగ్గవి: డెవలప్‌మెంట్, ప్రొడక్షన్ డేటాబేస్‌లు వేరుచేయడం, కోడ్ జోలికి పోకుండా ప్లాన్ మాత్రమే చర్చించే మోడ్ ఇవ్వడం. మొదటిది తాళం, రెండోది ఈ వ్యాసం మొత్తం మాట్లాడుతున్న సంగతి.

రూల్స్ ఫైలులో రాసింది మాట. మోడల్ చాలావరకు వింటుంది, ఎప్పుడూ వింటుందని హామీ లేదు. తాళం పర్మిషన్ సెట్టింగుల్లో ఉంటుంది. క్లాడ్ కోడ్ సెట్టింగ్స్ ఫైలులో అలౌ, ఆస్క్, డినై అని మూడు జాబితాలు. ముందు డినై చూస్తుంది, తర్వాత ఆస్క్, ఆ తర్వాతే అలౌ. కాబట్టి గిట్ పుష్ (మార్పులను ఉమ్మడి రిపాజిటరీకి పంపడం), మైగ్రేషన్ నడిపే కమాండ్, ప్యాకేజీ ఇన్‌స్టాల్ ఆస్క్‌లో పెట్టి, టెస్టులు, లింట్ (కోడ్ శైలి తనిఖీ), గిట్ స్టేటస్, గిట్ డిఫ్ లాంటివి అలౌలో వేస్తే రోజువారీ పని సాఫీగా సాగుతుంది. ఇంకా గట్టిగా కావాలంటే హుక్ రాయొచ్చు. ప్రతి పనికి ముందు మీ స్క్రిప్ట్ నడుస్తుంది. అది ఎగ్జిట్ కోడ్ 2 ఇస్తే ఆ పని ఆగిపోతుంది, మీరు రాసిన కారణం అసిస్టెంట్‌కి వెళ్తుంది. మైగ్రేషన్ ఫోల్డర్‌లో ఫైలు రాయబోతే ఆపే హుక్ పది వరసల్లో అయిపోతుంది.

తొందరలో చేసే తప్పు ఒకటుంది. అనుమతి పెట్టె వచ్చినప్పుడు "ఔను, ఇకమీదట అడగొద్దు" నొక్కుతూ పోతే జాబితా వారంలో ఉబ్బిపోతుంది. గిట్‌తో మొదలయ్యే కమాండ్లన్నీ అలౌ చేస్తే స్టేటస్‌తో పాటు ఉమ్మడి చరిత్రని తిరగరాసే ఫోర్స్ పుష్ కూడా లోపలికి వచ్చినట్టే. పైథాన్‌ని పూర్తిగా వదిలేస్తే ఫైళ్ళు చెరిపే ఆర్ఎమ్ కమాండ్‌ని డినైలో పెట్టి లాభం లేదు, పైథాన్ రెండు వరసల్లో ఫోల్డర్ చెరిపేయగలదు. అందుకని నిజంగా పోకూడనివి అసిస్టెంట్ నడిచే మెషీన్‌లోనే ఉండకూడదు. ప్రొడక్షన్ డేటాబేస్ పాస్‌వర్డ్ అక్కడ ఎందుకు? చూడడమే అవసరమైతే చదవడానికి మాత్రమే హక్కున్న యూజర్ ఇవ్వండి. మెయిన్ బ్రాంచ్‌కి (అసలు కోడ్ ఉండే శాఖ) నేరుగా పుష్ కుదరకుండా రిపాజిటరీలోనే కట్టడి పెట్టండి.

అనుమతులు మరీ ఎక్కువైనా ఇదే గతి. గంటలో నలభై పెట్టెలు వస్తే నలభై ఒకటోది ఎవరూ చదవరు, వేలు దానంతటదే ఎంటర్ మీదికి పోతుంది. అది ప్రమాదకరమైన నిశ్చింత. ఫైలు చదవడానికి, బ్రాంచ్‌లో కోడ్ మార్చడానికి అడగనివ్వకండి. కమిట్ అయిన ప్రతిదీ గిట్‌లో దొరుకుతుంది. రిసెట్ హార్డ్ చేసి మార్పులు పారేసినా గిట్ రాసుకునే చిట్టా అయిన రెఫ్‌లాగ్‌లో మామూలుగా 30 నుంచి 90 రోజులు ఉంటుంది. కమిట్ కానివే పోతాయి. అదనపు ఫైళ్ళు చెరిపే గిట్ క్లీన్‌తో పోయిన కొత్త ఫైళ్ళు గిట్‌లో ఎక్కడా దొరకవు. దానికి ఎక్స్ ఆప్షన్ కూడా తగిలిస్తే గిట్ ఇగ్నోర్‌లో ఉన్న, పాస్‌వర్డ్‌ల్లాంటివి దాచే ఎన్వ్ ఫైలు సైతం పోతుంది. అందువల్ల పని అప్పగించేముందు మీ దగ్గరున్నది కమిట్ చేయండి, గిట్ క్లీన్‌ని మాత్రం ఆస్క్‌లో ఉంచండి.

డేటాబేస్ మార్పుకి ఒక్క అనుమతి చాలదు

పైసల్లోకి మార్చాలనే నిజంగా నిర్ణయించారనుకుందాం. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో డబుల్ ప్రెసిషన్ (ఫ్లోటింగ్ పాయింట్) కాలమ్‌ని బిగ్ఇంట్ (పెద్ద పూర్ణాంకం)గా ఒకే వాక్యంతో మారిస్తే టేబుల్ మొత్తం తిరిగి రాయబడుతుంది. అంతసేపూ ఆ టేబుల్‌ని ఎవరూ చదవను కూడా చదవలేరు. వెయ్యి వరసలున్న టెస్టు డేటాబేస్‌లో అది కనురెప్పపాటు. కోట్ల వరసలున్న చోట బిల్లింగ్ కౌంటర్లన్నీ ఆగిపోతాయి. అసిస్టెంట్ చూసేది టెస్టు డేటాబేస్‌నే కాబట్టి అది దానికి తట్టదు.

దీన్ని ఐదు మెట్లుగా విడగొట్టమనాలి, మెట్టుమెట్టుకీ విడి అనుమతి. మొదట ఖాళీ కొత్త కాలమ్ చేర్చడం, టేబుల్ తాళం దొరక్కపోతే కొన్ని సెకన్లలో వదిలేసేలా లాక్ టైమౌట్ పెట్టి. తర్వాత కొత్తగా వచ్చే బిల్లులు రెండు కాలమ్‌లలోనూ రాయడం. మూడోది పాత వరసలను ఐదేసి వేల చొప్పున నింపడం. ఇక్కడ ఒక గుంట ఉంది: పైథాన్‌లో 19.99ని 100తో గుణిస్తే 1998.9999999999998 వస్తుంది, దాన్ని ఇంట్‌తో పూర్ణాంకం చేస్తే 1998. ఒక పైసా మాయం. ముందు రౌండ్ చేసి తర్వాతే మార్చాలి. నింపాక రెండు కాలమ్‌ల మొత్తాలూ పోల్చి చూపమనాలి. నాలుగోది చదవడాన్ని కొత్త కాలమ్‌కి మళ్ళించడం, ఏపీఐలో పైసలకి వేరే పేరుతో కొత్త ఫీల్డ్ ఇచ్చి పాతదాన్ని అలాగే ఉంచడం. పాత కాలమ్ తీసేయడం చివరిది, కనీసం ఒక నెలాఖరు లెక్కలు సరిపోయాక. ఆ చివరి మెట్టుకి ఈరోజే అనుమతి ఇవ్వకండి, ప్లాన్‌లో ఉన్నా సరే.

అనుమతి ఇచ్చే మనిషి పక్కన లేనప్పుడు ఇంకో ఏర్పాటు కావాలి. హైదరాబాద్‌లో మధ్యాహ్నం 3 గంటలైనప్పుడు, వేసవిలో, న్యూయార్క్‌లో తెల్లవారుజాము 5:30. క్లయింట్ లేచేదాకా ఆగలేక "ఏదైతే అదే అవుతుంది, కానివ్వు" అనిపించే వేళ అది. ప్లాన్‌ని ఛాట్‌లో వదిలేయకుండా చిన్న ఫైలుగా బ్రాంచ్‌లో కమిట్ చేయించి, అక్కడే డ్రాఫ్ట్ పుల్ రిక్వెస్ట్ (మార్పులను ఇతరుల పరిశీలనకి పెట్టే పేజీ) తెరిస్తే, వాళ్ళు లేచి చూసేసరికి ప్రశ్నలన్నీ ఒకచోట ఉంటాయి. ఈలోగా ఫెయిలయ్యే టెస్టు రాయడం లాంటి నిరపాయమైన పనులు అసిస్టెంట్‌తో చేయించుకోవచ్చు.

ఆ ఫైలు రివ్యూలో కూడా పనికొస్తుంది. కోడ్ చదవకముందు గిట్ డిఫ్ స్టాట్ నడిపి, మారిన ఫైళ్ళ జాబితాని ప్లాన్‌లోని జాబితా పక్కన పెట్టుకోండి. డిఫ్‌లో ఉండి ప్లాన్‌లో లేని ఫైలు ఏదైనా కనిపిస్తే రివ్యూ అక్కడి నుంచి మొదలుపెట్టండి.